బూడిద లేని కుండ

మొదటి విడత మార్చి ఇరవై మూడున వచ్చింది.
పరికరాల పద్దు ముప్పై ఒకటిలోగా ఖర్చయిపోవాలి.
కందులకు ఆ సంగతి ఎవరు చెప్తారు?
అవి మృగశిర దాకా కళ్ళు తెరవవు.

గుణుపురం బజారులో ఒక్క పూటలో
ఇరవై నాలుగు మట్టికుండలు కొన్నాను,
ఒకే కొలత, ఒకే ఆవంలో కాలినవి.
కుమ్మరి అప్పలకొండకి బిల్లుబుక్కు లేదంటే
పక్కనున్న స్టీలుసామాన్ల కొట్లో రాయించాను.
తేమ కొలిచే మిషను నౌపడ రైల్లో
నా ఒళ్ళో కూచుని వచ్చింది, టిక్కెట్టు లేకుండా.

ప్రాజెక్టు అసిస్టెంటుని.
మూడేళ్ళ గ్రాంటు, మూడేసి నెలల కాంట్రాక్టు,
నడుమ ఒక్కరోజు విరామం.
ఆ రోజు నేను ఎవరినీ కాను.

ప్రశ్న చిన్నదే.
కొండమీద సవర ఆడవాళ్ళు
విత్తనం కందుల్లో కలిపే బూడిద, వావిలాకు
పుచ్చుపురుగుని నిజంగా ఆపుతాయా?
ఛోట్రాయ్ మేడం ఢిల్లీకి నలభై పేజీలు రాశారు.
సుంబారి రైకా ఒక్క ముక్కలో తేల్చేసింది:
"ఆపకపోతే ఈ ఊరేటి, నానేటి?"
ఆ ముక్కకు పేజీ నంబరు లేదు.

పన్నెండు కుండల్లో బూడిద, ఆకు, విత్తనం.
పన్నెండింట్లో ఒట్టి విత్తనం.
"వీటిని కంట్రోలు అంటారు" అన్నాను.
"కంట్రోలు బియ్యం తెలుసు గాని
కంట్రోలు కందులేటి బాబూ?"
చెప్పాను: వీటిని పురుగుకి వదిలేస్తాం,
ఇవి ఎంత పుచ్చితే నీ బూడిద అంత గెలిచినట్టు.

కుండలో చెయ్యి పెట్టి
గుప్పెడు గింజలు పైకి తీసింది.
ఒక్కొక్కటే మళ్ళీ లోపలికి జార్చింది.
"ఇవేటి తప్పు చేసినాయి?"

నేను లేబుళ్ళు అంటించాను. సి-1 నుంచి సి-12.

ఏప్రిల్లో వెళ్ళాను, మేలో వెళ్ళాను.
పుట్టసింగి దాటాక బండి ఆపి నడక.
వందేసి గింజలు, చిల్లుల లెక్క.
బూడిద కుండల్లో నూటికి మూడు.
ఒట్టి కుండల్లో నూటికి మూడు.
ఒకట్రెండు చోట్ల రెండే.
ఈ పురుగులకి ఇక్కడి ఎండ పడలేదేమో అనుకున్నాను.

జూన్ మొదటివారం చివరి లెక్క.
సి-7ని గోనెమీద బోర్లించాను.
గింజలు శుభ్రంగా ఉన్నాయి, జల్లెడ పట్టినట్టు.
జల్లెడ పట్టినట్టు.
కుండ మెడ లోపల వేలు తిప్పాను.
వేలు తెల్లబడింది.

తలెత్తితే, సుంబారి పొయ్యి ముందు కూచుని
పొయ్యినే చూస్తోంది.
అంత శ్రద్ధగా ఎవరూ పొయ్యిని చూడరు.

"నమూనా చెడింది" అని రాస్తే
రైతుల జాబితాలో ఆమె పేరు కొట్టేస్తారు,
రావలసిన రెండువేల ఎనిమిదొందలు రావు.
రాయకపోతే
బూడిద వేసినా ఒకటే, వేయకున్నా ఒకటేనని
నా సంతకంతో
వాళ్ళమ్మమ్మని అబద్ధాలకోరును చేసినట్టు.
చాలాసేపు వేలు తుడుచుకోలేదు.

రిపోర్టులో ఉన్నది ఇది:
"రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు."
రెండో విడత రాలేదు.
మేడం వావిలాకుని అనుమానించారు,
కోసిన నెల తప్పేమోనన్నారు.
ప్రయాణాల పద్దులో మిగిలిన నాలుగొందల పన్నెండు రూపాయలు
వడ్డీతో కలిపి ఢిల్లీకి తిప్పి పంపాం.
కుండల్ని "వాడుకలో పోయినవి" అని రాశాం.

పోలేదు.
నేను ఎవరినీ కాని రోజొకటి వచ్చింది గదా,
ఆ రోజు కొండెక్కాను.
వాలు మీద కందిమొలకలు జానెడెత్తు,
టి ఏదో సి ఏదో తెలీకుండా కలిసిపోయి.
లేబులు సగం చిరిగిన కుండలోంచి
సుంబారి నాకు నీళ్ళు వంచింది.

"ఎప్పుడు కలిపావు?" అన్నాను.
"నువ్వు దిగిపోతుంటేనే.
నీ బండి చప్పుడు ఇంకా ఇనబడతానే ఉంది."

కాసేపాగి,
"కుండలు మంచివి బాబూ.
మళ్ళీ డబ్బొస్తే ఇంకో నాలుగు తే."